గ్రేట్ ఓషన్ రోడ్ ట్రిప్: మెల్‌బోర్న్‌లో చదువుకునే మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

సెమిస్టర్ బ్రేక్ దగ్గర పడిందంటే జూనియర్స్ నుంచి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. ఎంతమంది వెళ్ళాలి, ఎవరు నడపాలి, ఒక్కరోజులో అవుతుందా, ఎంత ఖర్చవుతుంది అని. గ్రేట్ ఓషన్ రోడ్ అంటే ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, మెల్‌బోర్న్‌కి నైరుతిగా సముద్ర తీరం వెంట సాగే రోడ్డు. నేను దీని మీద మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి చేసిన తప్పులు రెండోసారి సరిదిద్దుకున్నాం, మూడోసారికి గాని మనసారా చూడటం కుదరలేదు. అందుకే అందరూ అడిగేవన్నీ ఒక్కచోట రాస్తున్నాను. కాస్త పెద్దగానే ఉంటుంది, కానీ కారు బుక్ చేసే ముందు కనీసం లైసెన్స్, నిద్ర, సముద్రం గురించిన జవాబులు మాత్రం పూర్తిగా చదవండి.

అసలు ఈ రోడ్డు ఎక్కడ మొదలవుతుంది, ఎంత దూరం?

టోర్కే ఊరి దగ్గర మొదలై వార్నంబూల్‌కి కాస్త ముందున్న అలన్స్‌ఫోర్డ్ దగ్గర ముగుస్తుంది, మొత్తం 243 కిలోమీటర్లు. మెల్‌బోర్న్ నుంచి జీలాంగ్ మీదుగా టోర్కేకి సుమారు 100 కిలోమీటర్లు. అందరూ ఫోటోల్లో చూసే ట్వెల్వ్ అపాసల్స్, అంటే సముద్రంలో నిలబడ్డ పెద్ద రాతి స్తంభాలు, దాదాపు చివర్లో వస్తాయి, టోర్కే దాటగానే కనపడతాయని అనుకోకండి. తీరం వెంట వెళ్తే మెల్‌బోర్న్ నుంచి అక్కడికి 280 కిలోమీటర్ల దాకా ఉంటుంది. వంపులు, అరవైకి తగ్గే స్పీడ్ లిమిట్లు, చిన్న ఊళ్ళు అన్నీ కలిపి ఎక్కడా ఆగకుండా నడిపినా నాలుగున్నర గంటలు పడుతుంది. ఆగకుండా ఎవరూ వెళ్ళరు.

ఇంకో విషయం, పేరులో ఓషన్ ఉందని రోడ్డంతా సముద్రం పక్కనే ఉండదు. అపోలో బే దాటాక ఆట్వే అడవుల్లోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ ప్రిన్స్‌టౌన్ దగ్గరికి వచ్చాకే తీరం. ఆ మధ్య భాగంలో వంపులు ఎక్కువ, చెట్ల నీడ ఎక్కువ, ఫోన్ సిగ్నల్ తక్కువ.

ఒక్కరోజులో అయిపోతుందా?

అవుతుంది. కానీ వద్దు. ఈ పేజీలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదొక్కటే, కాబట్టి మా సంగతి చెప్తాను.

మొదటిసారి మేం ఐదుగురం జూన్‌లో, పరీక్షలైన వారంలో వెళ్ళాం. రూమ్ అద్దె, కారు అద్దె లెక్కలేసుకుని ఒక్కరోజులో కానిచ్చేద్దామనుకున్నాం. లైసెన్స్ ఉన్నది ఒక్కడికే. వాడు ముందురోజు రాత్రి వేర్‌హౌస్‌లో షిఫ్ట్ చేసి, మూడు గంటలు పడుకుని, పొద్దున్నే ఆరింటికి కారు తీశాడు. వెళ్ళేటప్పుడు అందరం హుషారుగా ఉన్నాం, పాటలు, ఫోటోలు. అపాసల్స్ దగ్గరికి చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది, ఐదున్నరకల్లా చీకటి. తిరుగు ప్రయాణం కోలాక్ మీదుగా లోపలి దారి, నేరుగా పోయే హైవే, హీటర్ వేసుకున్న కారు, వెనక ముగ్గురూ నిద్రలో ఉన్నారు. ముందు సీట్లో ఉన్న నాక్కూడా ఎప్పుడు కునుకు పట్టిందో తెలియదు. రోడ్డు అంచున ఉండే గరుకు గీతల మీదికి చక్రాలు ఎక్కి కారంతా గర్రుమని అదిరితే కళ్ళు తెరిచాను. వాడూ అప్పుడే తెరిచాడు. కారు పక్కకి ఆపి దిగాం. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఆ చలిలో చాలాసేపు అలా నిలబడి, తర్వాత వెనక్కి తిరిగి కోలాక్ వెళ్ళి, ఒక పెట్రోల్ బంక్ పార్కింగ్‌లో తెల్లారేదాకా కారులోనే పడుకున్నాం.

ఆ గీతలు లేకపోతే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచిస్తాను. వెళ్ళేది 280, వచ్చేది లోపలి దారిలో సుమారు 230, అంటే 500 కిలోమీటర్ల పైనే, ఏడెనిమిది గంటల డ్రైవింగ్, మధ్యలో నడకలు. ఇది ఒక్కడి చేతిలో పెట్టాల్సిన పని కాదు. రెండు రోజులు పెట్టుకోండి, అపోలో బేలోనో పోర్ట్ క్యాంప్‌బెల్‌లోనో రాత్రి ఆగండి. ఒక రాత్రి గది ఐదుగురు పంచుకుంటే తలా ఒక షిఫ్ట్‌లో నాలుగైదు గంటల జీతం కూడా కాదు.

డబ్బు లేక ఒక్కరోజే కుదురుతుంది, అప్పుడెలా?

అప్పుడు తీరం అంతా చూడాలన్న ఆశ వదిలేయండి. అపోలో బే దాకా వెళ్ళి అక్కడి నుంచే వెనక్కి తిరగండి. లోర్న్ నుంచి అపోలో బే దాకా ఉన్న 45 కిలోమీటర్లు రోడ్డు సముద్రాన్ని ఆనుకునే సాగుతుంది, నన్నడిగితే మొత్తంలో అదే అందమైనది. లేదా అపాసల్సే చూడాలంటే పొద్దున్నే లోపలి దారిలో కోలాక్ మీదుగా నేరుగా వెళ్ళి, చూసి, అదే దారిలో వెలుగుండగానే వచ్చేయండి. రెండింట్లో ఒకటి ఎంచుకుంటే రోజు సరిపోతుంది, రెండూ కావాలంటే సరిపోదు.

ఇండియా లైసెన్స్‌తో నడపొచ్చా?

విక్టోరియాలో స్టూడెంట్ వీసా లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు విదేశీ లైసెన్స్‌తో ఆరు నెలలే నడపగలరు. ఈ రూల్ 2019 అక్టోబర్ 29 నుంచి ఉంది. అంతకుముందు వీసా ఉన్నన్నాళ్ళూ నడిపేవాళ్ళు కాబట్టి పాత సీనియర్స్ ఎవరైనా "ఏం పర్లేదురా, నేను రెండేళ్ళు నడిపాను" అంటే నమ్మి కారు తీయకండి. ఆరు నెలలు దాటితే విక్రోడ్స్ (ఇక్కడ లైసెన్సులు ఇచ్చే సంస్థ) దగ్గర విక్టోరియా లైసెన్స్‌కి మార్చుకోవాలి. ఇండియా లైసెన్స్ ఉన్నవాళ్ళకి రూల్స్ పరీక్ష, రోడ్డు మీద ప్రమాదాల్ని గుర్తించే హజార్డ్ పర్సెప్షన్ టెస్ట్, తర్వాత కారు నడిపి చూపించే టెస్ట్ ఉంటాయి. స్లాట్ దొరకడానికి టైమ్ పడుతుంది, ట్రిప్ వారం ముందు మొదలుపెడితే అవదు.

లైసెన్స్ చెల్లకపోతే ఫైన్ ఒక్కటే కాదు సమస్య. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. ఎదుటివాళ్ళ కారు డబ్బులు కూడా మీ మీదే పడతాయి.

రెడ్ పీ ప్లేట్ ఉన్న ఫ్రెండ్ నడిపితే?

చాలామందికి తెలియని రూల్ ఇది. రెడ్ పీ ప్లేట్ అంటే పీ1, కొత్తగా నడపడం మొదలుపెట్టినవాళ్ళకి ఇచ్చే ప్రొబేషనరీ లైసెన్స్. అది ఉన్నవాళ్ళు 16 ఏళ్ళు నిండి 22 నిండని ప్రయాణికుల్ని ఒకరికి మించి ఎక్కించుకోకూడదు, జీవిత భాగస్వామి, తోబుట్టువులు అయితే తప్ప. బ్యాచిలర్స్ చదివే పిల్లలు నలుగురు, డ్రైవర్‌కి రెడ్ పీ ప్లేట్, అంటే ఆ ట్రిప్ కారు స్టార్ట్ చేయకముందే రూల్ తప్పినట్టు. మాస్టర్స్ వాళ్ళకి వయసు దాటిపోతుంది కాబట్టి ఇది అంతగా తగలదు. పీ ప్లేట్ ఏదైనా సరే మందు మాత్రం సున్నా, ఒక్క బీర్ కూడా కాదు. ఫుల్ లైసెన్స్ వాళ్ళకి రక్తంలో ఆల్కహాల్ 0.05 లోపు ఉండాలని రూల్. అయినా ఇలాంటి రోడ్డు మీద నడిపేవాళ్ళు పూర్తిగా మానేయడమే నాకు నచ్చుతుంది.

కారు అద్దెకి తీసుకునేటప్పుడు ఏం చూసుకోవాలి?

వయసు మొదట. చాలా కంపెనీలు 21 నిండితేగాని ఇవ్వవు, 25 లోపు వాళ్ళ దగ్గర రోజుకింత అని అదనంగా వసూలు చేస్తాయి. కారు ఎవరి పేరున తీసుకుంటారో వాళ్ళ పేరు మీదే కార్డు ఉండాలి, దాని మీద డిపాజిట్ బ్లాక్ చేస్తారు, ఆ డబ్బు తిరిగి రావడానికి రోజులు పడుతుంది కాబట్టి అద్దె కట్టాల్సిన వారంలో అదే అకౌంట్ కార్డు ఇవ్వకండి.

ఇద్దరు నడిపేలా ఉంటే రెండో డ్రైవర్ పేరు కూడా కాంట్రాక్ట్‌లో రాయించండి. కాసిన్ని డాలర్లు మిగులుతాయని పేరు రాయించకుండా నడిపించడం చాలా గ్రూపులు చేస్తాయి, అప్పుడు ఏదైనా అయితే కవర్ ఉండదు.

ఎక్సెస్ అన్న పదం తప్పకుండా చదవాలి. డ్యామేజ్ అయితే ముందుగా మన జేబులోంచి పోయే మొత్తం అది, వేల డాలర్లలో ఉంటుంది. అదనంగా కట్టి తగ్గించుకోవచ్చు. మట్టి రోడ్ల మీదికి తీసుకెళ్ళకూడదని, టైర్లు, అద్దం, కారు అడుగుభాగం కవర్ కావని చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. ఆట్వేల్లో జలపాతాలకి వెళ్ళే కొన్ని దారులు మట్టివే, మ్యాప్ తీసుకెళ్తోంది కదా అని వెళ్ళిపోకండి.

రెండో ట్రిప్‌లో మాకు బంపర్ కింద ముందే ఉన్న గీతకి డబ్బులు కట్టమన్నారు. కారు తీసుకున్నప్పుడు నేను చుట్టూ తిరిగి వీడియో తీశాను కాబట్టి బయటపడ్డాం, లేకపోతే వాదించడానికి ఆధారమే లేదు. వీడియోలో టైర్లు, పైకప్పు, లోపల సీట్లు, మీటర్ మీద కిలోమీటర్లు, పెట్రోల్ ముల్లు అన్నీ రావాలి.

టోల్ గురించి కూడా అడుగుతారు. వెస్ట్ గేట్ బ్రిడ్జికి, జీలాంగ్ రింగ్ రోడ్డుకి టోల్ లేదు. సిటీలింక్, ఈస్ట్‌లింక్ మీదుగా వస్తే ఉంటుంది, అద్దె కారైతే టోల్‌తో పాటు సర్వీస్ ఛార్జీ కూడా తర్వాత కార్డులోంచి పోతుంది.

డబ్బులు ఎలా పంచుకోవాలి? మా గ్రూపులో ప్రతిసారీ గొడవే.

గొడవ పెట్రోల్ దగ్గర రాదు, అనుకోని ఖర్చు దగ్గర వస్తుంది. కాబట్టి బయల్దేరే ముందే నాలుగు మాటలు గ్రూపులో రాసిపెట్టుకోండి. మేం పాటించేది ఇది: కారు అద్దె, పెట్రోల్, గది తలా సమానం, కానీ నడిపేవాళ్ళు పెట్రోల్ వాటా ఇవ్వరు. వాళ్ళు సముద్రం కన్నా రోడ్డునే ఎక్కువ చూస్తారు, ఆ మాత్రం మర్యాద చేయాలి. యాక్సిడెంట్ అయి ఎక్సెస్ కట్టాల్సి వస్తే అది అందరిదీ, నడిపినవాడి ఒక్కడిదీ కాదు. దీనికి ఒప్పుకోని వాళ్ళుంటే ఆ గ్రూపుతో వెళ్ళొద్దని నా సలహా, ఎందుకంటే లాభం ఐదుగురిదీ, నష్టం ఒక్కడిదీ అంటే స్నేహం నిలవదు. స్పీడ్ ఫైన్ మాత్రం నడిపినవాళ్ళదే.

పెట్రోల్ లెక్క సులువు. ఊళ్ళలో తిరిగింది కూడా కలిపి 560 కిలోమీటర్లు, మామూలు కారు వందకి 8 లీటర్లు తాగితే 45 లీటర్లు. లీటర్ 2 డాలర్లు అనుకుంటే 90 డాలర్లు. టోర్కే, లోర్న్, అపోలో బే, పోర్ట్ క్యాంప్‌బెల్‌లలో బంకులున్నాయి. అపోలో బే దాటే ముందు సగానికి తక్కువ ఉంటే నింపుకోండి.

ఏ వైపు నుంచి వెళ్తే మంచిది?

రెండు రోజులైతే టోర్కే నుంచి పడమరకి. ఇక్కడ కూడా ఎడమ వైపే నడుపుతాం, అలా వెళ్తే సముద్రం మన ఎడమ పక్కనే ఉంటుంది, వ్యూ పాయింట్ల దగ్గర రోడ్డు దాటకుండా లోపలికి తిరగొచ్చు. అటు నుంచి ఇటు వస్తే ప్రతి చోటా ఎదురొచ్చే కార్ల మధ్యలోంచి కుడికి తిరగాలి, వంపుల్లో అది ప్రమాదం. ఒక ఇబ్బంది ఉంది, మధ్యాహ్నం తర్వాత ఎండ నేరుగా కళ్ళలో పడుతుంది. నడిపేవాళ్ళకి చలువ కళ్ళద్దాలు తప్పనిసరి.

వంపుల్లో నడపడం అలవాటు లేదు, ఏం గుర్తుపెట్టుకోవాలి?

పసుపు బోర్డు మీద వంపుకి ముందు ఒక నంబర్ ఉంటుంది, ఆ స్పీడ్‌కి వంపు మొదలయ్యేలోపే తగ్గాలి, వంపులో బ్రేక్ కొట్టకూడదు. వెనక కార్లు వరసగా చేరితే టెన్షన్ పడి స్పీడ్ పెంచకండి. స్లో వెహికల్ టర్నౌట్ అని బోర్డులతో పక్కకి తప్పుకునే చోట్లు ఉన్నాయి, అక్కడ తప్పుకుని వాళ్ళని పంపించేయండి. చూడటానికి బాగుందని రోడ్డు మధ్యలో, వంపు దగ్గర కారు ఆపడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

ఫోన్ డ్రైవర్ చేతిలో ఉండకూడదు. పట్టుకుంటే పెద్ద ఫైన్, లైసెన్స్ మీద 4 డీమెరిట్ (తప్పు) పాయింట్లు, దానికోసం ప్రత్యేకంగా కెమెరాలున్నాయి, అవే సీట్‌బెల్ట్ కూడా చూస్తాయి. వెనక సీట్లో కూడా అందరూ బెల్ట్ పెట్టుకోవాలి. ముందు సీట్లో కూర్చునే మనిషికి పని ఉంది: మ్యాప్ చూడటం, నీళ్ళు అందించడం, మాట్లాడుతూ ఉండటం, నిద్రపోకుండా ఉండటం. ఆ సీటు నిద్రొచ్చే వాళ్ళకి ఇవ్వకండి. రెండు గంటలకోసారి పావుగంట ఆగాలని ఇక్కడ రోడ్డు సేఫ్టీ వాళ్ళు చెప్పేది ఊరికే కాదు, అందరూ దిగి నడవండి. ముందురోజు నైట్ షిఫ్ట్ చేసినవాళ్ళు ఆ రోజు నడపకూడదు, మా గ్రూపులో ఇప్పుడు ఇది మొదటి రూల్.

సూర్యాస్తమయం దగ్గర పడ్డాక కంగారూలు, వాలబీలు రోడ్డు మీదికి వస్తాయి. ఉన్నట్టుండి ఎదురొస్తే స్టీరింగ్ పక్కకి కొట్టకండి, తిన్నగా బ్రేక్ వేయండి. తప్పించబోయి చెట్టుకో ఎదుటి కారుకో గుద్దుకోవడమే ప్రాణాల మీదికి తెస్తుంది. జంతువుకి దెబ్బ తగిలితే వైల్డ్‌లైఫ్ విక్టోరియాకి ఫోన్ చేయొచ్చు.

ఎక్కడెక్కడ ఆగాలి?

అన్నీ రాయను, నాకు నచ్చినవే రాస్తాను. బెల్స్ బీచ్‌లో ఈస్టర్ సమయంలో ప్రపంచస్థాయి సర్ఫింగ్ పోటీలు జరుగుతాయి, మామూలు రోజుల్లో కూడా పైనుంచి అలల మీద వాళ్ళు జారడం చూడటం బాగుంటుంది. ఏరీస్ ఇన్లెట్‌లో 1891 నాటి తెల్లటి లైట్‌హౌస్. లోర్న్ పైన టెడ్డీస్ లుకౌట్ అస్సలు వదలకండి, అక్కడి నుంచి చూస్తే కొండ అంచున తొలిచిన రోడ్డు, కింద సముద్రం, నది వచ్చి కలిసేచోటు అన్నీ ఒక్కచూపులో కనిపిస్తాయి. అదే ఊరి దగ్గర 30 మీటర్ల ఎర్స్‌కిన్ జలపాతం.

కెన్నెట్ రివర్‌లో యూకలిప్టస్ చెట్ల మీద కోలాలు ఉంటాయి, తల పైకెత్తి ఓపిగ్గా వెతకాలి, రోజుకు 20 గంటల దాకా నిద్రపోయే జంతువు కాబట్టి కదలదు. చప్పుడు చేయకండి, కొమ్మలు ఊపకండి, పక్షులకి తిండి పెట్టకండి. కేప్ ఆట్వే లైట్‌హౌస్ 1848 నుంచి ఉంది, ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో అదే పాతది. దానికి టికెట్ ఉంది, రోడ్డు నుంచి లోపలికి వెళ్ళి రావాలి, టైమ్ లేకపోతే దీన్ని వదిలేయొచ్చు.

ఆర్చి దగ్గర అందరూ ఫోటో దిగుతారు, దాని కథేంటి?

ఈస్టర్న్ వ్యూ దగ్గర రోడ్డు మీదుగా ఉన్న ఆ ఆర్చి రోడ్డు కట్టినవాళ్ళ గుర్తు. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు సుమారు 3,000 మంది 1919 నుంచి 1932 దాకా ఈ రోడ్డు తవ్వారు. యుద్ధంలో పోయిన తోటివాళ్ళ పేరు మీద కట్టిన రోడ్డు, ప్రపంచంలో ఇంత పెద్ద యుద్ధ స్మారకం ఇంకోటి లేదంటారు. గునపాలు, పారలు, పేలుడు మందు, గుర్రపు బండ్లు, అంతే వాళ్ళకున్నవి. గుడారాల్లో ఉండేవాళ్ళు, ఎనిమిది గంటల పనికి పది షిల్లింగుల ఆరు పెన్నీల కూలీ. పనిలో కొందరు చనిపోయారు కూడా. దీనికోసం జీలాంగ్ మేయర్‌గా ఉన్న హోవర్డ్ హిచ్‌కాక్ ఏళ్ళ తరబడి డబ్బు పోగుచేశాడు, సొంత డబ్బూ పెట్టాడు. 1932లో రోడ్డు పూర్తిగా తెరవడానికి కొన్ని నెలల ముందే ఆయన పోయాడు. ప్రారంభం రోజున ఊరేగింపులో ఆయన కారుని ఖాళీగా నడిపించారు. మొదట్లో టోల్ ఉండేది, 1936లో ప్రభుత్వం తీసుకున్నాక ఎత్తేశారు. ఆర్చి 1983లో యాష్ వెన్స్‌డే అనే పెద్ద అడవి మంటల్లో కాలిపోతే మళ్ళీ కట్టారు.

ఫోటో దిగడానికి రోడ్డు మధ్యలో నిలబడకండి, పక్కన పార్కింగ్ ఉంది, కార్లు ఆగవు.

ట్వెల్వ్ అపాసల్స్ నిజంగా పన్నెండు ఉన్నాయా?

పేరు పెట్టినప్పుడు కూడా పన్నెండు లేవు. 2005 జులైలో తొమ్మిదింటిలో ఒకటి చూస్తుండగానే కూలిపోయింది. మెత్తటి సున్నపురాయిని సముద్రం కింద తొలిచేస్తూ ఉంటుంది, ముందు గుహ, తర్వాత ఆర్చి, ఆ ఆర్చి కూలితే మిగిలేది ఈ స్తంభం. అదే పని దగ్గర్లోనే లండన్ బ్రిడ్జి అనే రాతి వంతెనకీ జరిగింది. 1990 జనవరి 15న మధ్య భాగం కూలి, అవతల వైపు ఇద్దరు ఇరుక్కుపోతే హెలికాప్టర్‌లో తీసుకొచ్చారు. కంచె దాటి అంచుకి వెళ్ళి సెల్ఫీ తీసుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, మీరు నిలబడ్డ రాయి కూడా ఆ రాయే. డ్రోన్ కూడా అనుమతి లేకుండా ఎగరేయకూడదు, అది నేషనల్ పార్కు.

అపాసల్స్ దగ్గర మేం వెళ్ళినప్పుడు టికెట్ లేదు, వెళ్ళే ముందు ఒకసారి చూసుకోండి. గిబ్సన్ స్టెప్స్ 86 మెట్లు దిగితే ఆ రాళ్ళ ఎత్తు కింద నుంచి తెలుస్తుంది, అలలు ఎక్కువున్న రోజు దిగొద్దు.

లాక్ ఆర్డ్ గోర్జ్ దగ్గర ఆగాలా?

ఒక్కచోటే ఆగేంత టైమ్ ఉంటే అక్కడే ఆగండి. అపాసల్స్ నుంచి కారులో ఐదు నిమిషాలు. 1878 జూన్ 1న ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్‌కి వస్తున్న లాక్ ఆర్డ్ అనే ఓడ, మూడు నెలల ప్రయాణం ముగియబోతుండగా, ఇక్కడి దీవికి కొట్టుకుని మునిగిపోయింది. 54 మందిలో మిగిలింది ఇద్దరే, ఓడలో పని నేర్చుకుంటున్న టామ్ పియర్స్, ప్రయాణికురాలు ఈవా కార్మైకేల్. ఇద్దరూ ఇంచుమించు మన ఫస్టియర్ పిల్లల వయసువాళ్ళు. టామ్ ఈ ఇరుకు కొండల మధ్యకి కొట్టుకొచ్చి ఒడ్డు చేరాక, నీళ్ళలోంచి ఆమె కేక విని మళ్ళీ లోపలికి ఈది ఆమెను తీసుకొచ్చాడు. తర్వాత ఆ గోడలాంటి కొండ ఎక్కి సాయం కోసం వెళ్ళాడు. ఓడలో ఆమెతో వస్తున్న తల్లిదండ్రులు, తోబుట్టువులు అందరూ ఆ ఓడతోనే పోయారు. కొన్ని నెలలకి ఆమె ఐర్లండ్ వెళ్ళిపోయింది. 2009లో అక్కడున్న ఒక రాతి ఆర్చి కూలి రెండు స్తంభాలు మిగిలితే వాటికి టామ్, ఈవా అని పేరు పెట్టారు.

పైన చిన్న శ్మశానం ఉంది. ఇంటి నుంచి ఇంత దూరం వచ్చి చదువుకుంటున్న మనం అక్కడ నిలబడితే ఆ కథ వేరే వాళ్ళదిలా అనిపించదు, నాకైతే అనిపించలేదు.

సముద్రంలో దిగొచ్చా?

ఎరుపు పసుపు జెండాల మధ్య, లైఫ్‌సేవర్స్ ఉన్నప్పుడు మాత్రమే. టోర్కే, లోర్న్ లాంటి బీచ్‌లలో సీజన్‌లో ఉంటారు. మిగతా ఎక్కడా వద్దు. మోకాళ్ళ దాకానే కదా అని దిగినవాళ్ళని కూడా రిప్, అంటే ఒడ్డు నుంచి సముద్రం లోపలికి పోయే ప్రవాహం, లాగేస్తుంది. అలలు విరగకుండా నీళ్ళు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో కనిపించే చోటే చాలాసార్లు రిప్ ఉంటుంది, తెలియనివాళ్ళు అక్కడే సురక్షితం అనుకుని దిగుతారు. లాగేస్తే ఎదురీదకండి, తేలుతూ ఉండండి, చెయ్యెత్తి పిలవండి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెనకే దూకకండి, అత్యవసర నంబర్ 000కి ఫోన్ చేసి తేలే వస్తువు ఏదైనా విసరండి.

2019 ఈస్టర్ ఆదివారం నాడు పోర్ట్ క్యాంప్‌బెల్ దగ్గర నీళ్ళలో కొట్టుకుపోతున్న ఒక టూరిస్టుని కాపాడటానికి వెళ్ళిన ఇద్దరు వాలంటీర్ లైఫ్‌సేవర్లు, తండ్రీకొడుకులు, పడవ తిరగబడి చనిపోయారు. ఆ సముద్రాన్ని పుట్టినప్పటి నుంచి ఎరిగినవాళ్ళు. మనం ఫోటో కోసం దిగితే ప్రాణం పెట్టాల్సింది మనమొక్కరమే కాదు.

ఏ నెలలో వెళ్ళాలి?

మార్చి, ఏప్రిల్ నెలలు నాకు ఇష్టం, గాలి తక్కువ, జనం తక్కువ, ఈస్టర్ వారం తప్ప. డిసెంబర్, జనవరిలో పగలు పొడుగ్గా రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుగుంటుంది, కానీ గదుల ధరలు ఎక్కువ, కార్ల రద్దీ ఎక్కువ, పైగా మంటల భయం. 2015 క్రిస్మస్ రోజున వై రివర్, సెపరేషన్ క్రీక్‌లలో 116 ఇళ్ళు కాలిపోయాయి, రోడ్డు చాలా రోజులు మూసేశారు. ఎండాకాలంలో మంటల హెచ్చరికలిచ్చే విక్ఎమర్జెన్సీ యాప్ పెట్టుకోండి, టోటల్ ఫైర్ బ్యాన్ రోజున బయట నిప్పు రాజేయకూడదు, పరిస్థితి బాగాలేని రోజు ట్రిప్ వాయిదా వేసుకోండి. మే నెలలో రన్నింగ్ ఫెస్టివల్ కోసం లోర్న్, అపోలో బే మధ్య రోడ్డు కొన్ని గంటలు మూస్తారు, తేదీలు చూసుకోండి. ఏ నెలైనా గాలిని ఆపే జాకెట్ ఉండాలి.

కారు లేకుండా కుదరదా?

కుదురుతుంది, లైసెన్స్ లేనివాళ్ళకి ఇదే మంచిది. మెల్‌బోర్న్ నుంచి బయటి ఊళ్ళకి వెళ్ళే వీ/లైన్ రైల్లో జీలాంగ్, అక్కడి నుంచి వీ/లైన్ బస్సు తీరం వెంటే అపోలో బే దాకా వెళ్తుంది. 2023 మార్చి 31 నుంచి విక్టోరియా అంతటా రోజంతా ఎంత తిరిగినా మెల్‌బోర్న్ సిటీ రోజు టికెట్ ధరకి మించి పడదు. మన బడ్జెట్‌కి ఇంతకన్నా చౌక లేదు. అపోలో బే దాటి అపాసల్స్ వైపు వెళ్ళే బస్సు రోజూ ఉండదు, టైమ్ చూసుకునే బయల్దేరాలి. రోజంతా తిప్పి తీసుకొచ్చే టూర్ బస్సులూ ఉన్నాయి, నడపడం వాళ్ళ పని కాబట్టి మీరు హాయిగా నిద్రపోవచ్చు.

ఇంట్లో చెప్పాలా? భయపడతారు.

చెప్పండి. ఎక్కడికి, ఎవరితో, ఏ రాత్రి ఎక్కడ ఉంటారో ఇంట్లో ఒకరికి, మెల్‌బోర్న్‌లో ట్రిప్‌కి రాని ఫ్రెండ్ ఒకరికి తెలియాలి. ఆట్వేల్లో చాలాసేపు సిగ్నల్ ఉండదు కాబట్టి "ఈ రెండు మూడు గంటలు ఫోన్ కలవకపోవచ్చు" అని ముందే చెప్తే అమ్మ కంగారు పడదు. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. మీ స్టూడెంట్ హెల్త్ కవర్ కార్డు ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి, అత్యవసర అంబులెన్స్ దానిలో కవర్ అవుతుంది. ఖర్చు భయంతో 000కి చేయకుండా ఆగిపోయినవాళ్ళని చూశాను, అలా చేయకండి.

కారు తిరిగి ఇచ్చే రోజు ఏం మర్చిపోకూడదు?

ఇచ్చే చోటికి దగ్గర బంక్‌లో ఫుల్ ట్యాంక్ చేయించి రసీదు ఫోటో తీసుకోండి. మొదటిరోజు తీసినట్టే చుట్టూ వీడియో తీయండి, తాళాలు డబ్బాలో వేసి వెళ్ళే పద్ధతైతే ఇది ఇంకా ముఖ్యం. సీట్ల కింద చేయి పెట్టి వెతకండి, ఛార్జర్లు, మైకీ (రైలు, ట్రామ్, బస్సు) కార్డులు అక్కడే దొరుకుతాయి. ఇసుక మాత్రం ఎంత దులిపినా మిగులుతుంది, బంక్‌లో ఉండే వాక్యూమ్‌కి కాయిన్స్ సిద్ధంగా ఉంచుకోండి, క్లీనింగ్ ఛార్జీ కట్టడం కన్నా అది చాలా చౌక.